పడవ నిండుకుంది

అనగా అనగా ఒక ఏరు. రాజుగారు లేకుండా కథ ఎలా మొదలైందని అడగకండి. ఆయన కూడా వస్తారు. కాకపోతే ఈ కథలో రాజుకంటే ఏరు పెద్దది, కాబట్టి ముందు ఏటి సంగతి చెబుతాను.

ఆ ఏటి పేరు మువ్వలేరు. ఒడ్డున నడుములోతు, నడిమధ్యన నాలుగు నిలువుల లోతు. ఈవలి గట్టున గవ్వలరేవు అనే ఊరు, ఆవలి గట్టున చందనపురి. గవ్వలరేవు వాళ్ళకు సంత ఆవలే, వైద్యుడు ఆవలే, చుట్టాల్లో సగంమంది ఆవలే. ఏటికి వంతెన లేదు. ఉన్నది ఒక్కటే పడవ.

ఆ పడవ నడిపేవాడు పైడయ్య. అతని తాత నడిపాడు, తండ్రి నడిపాడు, ఇప్పుడు తెడ్డు పైడయ్య చేతికి వచ్చింది. నీటి రంగు చూసి ఎగువన వాన పడిందో లేదో చెప్పేవాడు. సుడి ఎక్కడ తిరుగుతుందో, ఇసుక ఎక్కడ మేట వేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. పనిలో వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరికేది కాదు.

ఇంత పనిమంతుడికీ ఒక జబ్బు ఉండేది. దాని పేరు మొహమాటం.

ఎవరైనా కాస్త పెద్దవాళ్ళు ఎదురుపడితే చాలు, పైడయ్య నీళ్ళు నమిలేవాడు. లోపల ఒక మాట అనుకుంటే బయటికి ఇంకో మాట వచ్చేది. ఎక్కువగా వచ్చే మాట "చిత్తం". మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి "చలిగా ఉంది కదూ" అని అడిగినా, "చిత్తం" అని భుజాలమీద కండువా కప్పుకునేవాడు. అతని భార్య నూకాలు నవ్వి నవ్వి, చివరికి నవ్వడం కూడా మానేసింది.

దీనికి తోడు ఆ రేవుకు ఒక ఆచారం ఉండేది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చూడండి, దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. వెళుతున్నాను అనరు, వెళ్ళొస్తాను అంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. చెడ్డమాట నోట రాకూడదని అలా మంచిమాట కప్పుతారు. గవ్వలరేవులోనూ అంతే. ప్రయాణానికి కాలు కదిపినవాడి చెవిన "వద్దు", "లేదు", "కాదు" అనే మాటలు పడకూడదు. పడితే అపశకునం. అందువల్ల పైడయ్య తాత ఆ మాటలు అనలేదు, తండ్రి అనలేదు. వాళ్ళు మాత్రం ఎవరైనా ఎక్కువమంది ఎక్కబోతే ఊరికే చెయ్యి అడ్డం పెట్టేవారు. పైడయ్యకు ఆ చెయ్యి కూడా లేచేది కాదు.

పడవ లెక్క ఒకటే. తెడ్డువాడు కాక పదిమంది. బస్తాలైతే రెండు బస్తాలు ఒక మనిషి లెక్క. పైడయ్యకు ఆ లెక్క తన పేరు తెలిసినంత బాగా తెలుసు. తెలిసి ఏం లాభం, చెప్పాలి కదా.

ఒకనాడు బెల్లం వర్తకుడు సూరిశెట్టి బండ్లు కట్టుకుని రేవుకు వచ్చాడు. కూలీలు బస్తాలు మోసి పడవలో వేస్తున్నారు. శెట్టి మాత్రం గట్టుమీద బండి చాటున కూర్చుని, ఒక్కో బండిలోంచీ చిన్న బెల్లం ముక్క తీసి రుచి చూస్తున్నాడు. తన సరుకే, అయినా రుచి చూడకుండా ఉండలేడు.

పదహారు బస్తాలు పడ్డాయి. అంటే ఎనిమిదిమంది లెక్క. శెట్టి, అతని గుమాస్తా ఎక్కితే సరిగ్గా పది. పదిహేడో బస్తా వస్తోంది. ఇక చాలు, వద్దు అని చెప్పాలి. కానీ వద్దు అనకూడదు. ఆలోచించి ఆలోచించి, మర్యాదగల మాట ఒకటి దొరికిందని సంతోషించి, గట్టువైపు తిరిగి గొంతెత్తాడు.

"శెట్టిగారూ, పడవ నిండుకుందండీ."

పడవ నిండిపోయింది అని అతని ఉద్దేశం. కానీ తెలుగువాళ్ళ ఇంట నిండుకోవడం అంటే ఏమిటి? ఖాళీ కావడం. శెట్టిగారు పడవను చూడలేదు, మాటే విన్నాడు. ఇంతసేపు మోసినా పడవ ఖాళీగా ఉందంటే ఈ కూలీలు ఏం చేస్తున్నారని ఆయనకు ఒళ్ళు మండింది. ఇంకో ఎనిమిది బస్తాలు వేయమని అక్కణ్ణుంచే కేక పెట్టాడు.

పైడయ్య బిత్తరపోయాడు. అపార్థం అయిందని చెబితే శెట్టిగారిని తప్పు పట్టినట్టు అవుతుందేమోనని మళ్ళీ మొహమాటం. ఎనిమిది బస్తాలూ పడ్డాయి. పడవ అంచు, నీళ్ళు ఒకదానికొకటి పలకరించుకునేంత దగ్గరికి వచ్చాయి.

"శెట్టిగారూ, పూర్తిగా నిండుకుందండీ," అన్నాడు ఈసారి ఏడుపు గొంతుతో.

పూర్తిగా ఖాళీ అయిపోయిందన్నమాట! శెట్టి కూలీలను సోమరిపోతులని తిట్టి, ఉన్న బస్తాలన్నీ వేసేయమన్నాడు. పైడయ్య నోట అలవాటు మాట జారింది. "చిత్తం."

ఆ తర్వాత జరిగింది నేను చెప్పకపోయినా మీకు తెలుసు. పడవ కదలకుండానే, ఉన్నచోటే, నిదానంగా నడుములోతు నీళ్ళలో కూర్చుంది. బెల్లం కరిగింది. మువ్వలేరు ఆ పూటంతా పానకమై పారింది. ఊళ్ళో పిల్లలంతా వచ్చి దోసిళ్ళతో తాగారు. చీమలు గట్టు పొడుగునా బారులు తీరాయి. సూరిశెట్టి మాత్రం ఒడ్డున కూలబడి, ఖాళీ గోనెసంచి ఒకటి ఒళ్ళో పెట్టుకుని, ఏటివైపు చూస్తూ ఉండిపోయాడు.

పైడయ్య ఇంటికి వెళ్ళి, ఇక జన్మలో నిండుకుంది అనే మాట అనను అని నూకాలుకు చెప్పాడు. అనాల్సిన మాట ఏదో అది నేర్చుకోమని నూకాలు చెప్పింది. అది మాత్రం అతనికి వినపడలేదు.

నెల తిరక్కుండా పెళ్ళివారు వచ్చారు. మొత్తం ఇరవైరెండు మంది. అందరికీ పెద్ద పెళ్ళికొడుకు మేనమామ వీరభద్రం. ఆయన మీసం మీద రెండు నిమ్మకాయలు నిలబడతాయని ఊళ్ళో పేరు. ముహూర్తం ఆవలి గట్టున, మధ్యాహ్నానికి. ఆ రోజు ఏటికి కాస్త పోటు ఉంది.

పైడయ్య ఈసారి మాటలను బాగా సిద్ధం చేసుకున్నాడు. కానీ ఎలా? ముల్లు గుచ్చుకుంటుందేమోనని నాలుగు గుడ్డలు చుట్టి ఇచ్చినట్టు చుట్టాడు.

"అయ్యా, తమరు పెద్దలు, తమకు తెలియనిదేముంది. ఏరు కాస్త ఉరుకుతోందండి. అంటే ఉరికీ ఉరకనట్టేననుకోండి. పదిమందైతే హాయిగా ఉంటుందేమోనని. ఆపైన తమ ఇష్టం."

వీరభద్రం ఇంత పొడుగు మాటలో చివరి ముక్క ఒక్కటి పట్టుకున్నాడు. నా ఇష్టమే అయితే అందరూ ఎక్కాల్సిందే, ఎక్కండర్రా అన్నాడు. ఇరవైరెండు మందీ ఎక్కారు. డప్పులు కూడా ఎక్కాయి.

నడిమధ్య దాటగానే పడవలోకి నీళ్ళు రావడం మొదలైంది. పైడయ్య పనిమంతుడు కాబట్టి సుడిని తప్పించి, పడవను తీసుకెళ్ళి ఇసుక మేటమీద ఎక్కించాడు. అందరూ ఛాతీలోతు నీళ్ళలో దిగి ఆవలి గట్టుకు నడిచారు. పెళ్ళికొడుకు మాత్రం పైడయ్య భుజాల మీద ఎక్కి ఊరేగాడు. వీరభద్రం మీసం తడిసి కిందికి వేలాడింది. పురోహితుడి పంచాంగం నానిపోయి అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. దానితో ముహూర్తం దాటిపోయిందో లేదో తేల్చడం ఎవరివల్లా కాలేదు, పెళ్ళి సుఖంగా జరిగిపోయింది.

పెళ్ళి జరిగింది కానీ ఫిర్యాదు కోటకు వెళ్ళింది. మూడో రోజున రాజుగారి దళవాయి నరసరాయడు గుర్రం మీద రేవుకు వచ్చాడు. దళవాయి అంటే సైన్యానికి పెద్ద. ఆయన గుర్రం దిగకుండానే మాట్లాడాడు. బెల్లం మునిగింది, పెళ్ళి తడిసింది, ఇక మూడోసారి ఆ పడవలోకి నీళ్ళు వస్తే తెడ్డు తీసుకుని ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నాడు. చిత్తం అనడం తప్ప పైడయ్య ఏమంటాడు?

మూడు తరాల తెడ్డు. అది పోతే పైడయ్యకు ఇంకో పని రాదు. ఇంకో ఊరు తెలియదు. పైగా ఈసారి మునిగేది నడుములోతులోనే అన్న నమ్మకం ఏమిటి? నాలుగు నిలువుల లోతులో మునిగితే, పోయేది తెడ్డు ఒక్కటే కాదు. ఆ ఆలోచనకు అతనికి అన్నం సయించలేదు. సాయంత్రం పూట ఏటి ఒడ్డునే, చాకిరేవు పక్కన, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

అక్కడ చాకలి సింహాద్రి, ఉతికిన బట్టల మూటలు గాడిద మీదికి ఎత్తుతున్నాడు. గాడిద పేరు రత్నం. ఒక మూట ఎత్తాడు, రత్నం ఊరుకుంది. రెండో మూట ఎత్తాడు, ఊరుకుంది. మూడో మూట ఎత్తాడు. రత్నం నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడిపోయింది. సింహాద్రి తాడు పట్టి లాగాడు. తిట్టాడు. బతిమాలాడు. గాడిద తోక కూడా కదల్లేదు. చివరికి మూడో మూట దించి తన నెత్తిన పెట్టుకున్నాడు. గాడిద చక్కగా రెండడుగులు వేసింది. ఇంతలో సింహాద్రికి ఏదో బట్ట మరిచిపోయినట్టు గుర్తొచ్చి బండల దగ్గరికి వెళ్ళాడు.

పైడయ్య గాడిదను చూసి నిట్టూర్చాడు. "నీకు మొహమాటం లేదా రత్నం?"

"ఉండేది," అంది గాడిద. "నడుం నొప్పితో పాటు ఉండేది."

గాడిద మాట్లాడుతుందా అని అడిగేవాళ్ళు ఈ కథలో ఉండరాదు. పైడయ్య అడగలేదు. అతనికి అప్పుడు సలహా కావాలి, ఎవరు చెప్పినా ఫరవాలేదు. ఎలా చెప్పగలుగుతున్నావు, నాకూ నేర్పు అని బతిమాలాడు.

"నేర్పడానికి ఏముంది, మూడే సంగతులు," అంది రత్నం. "ఒకటి, నేను ఆగినప్పుడు సాకు చెప్పను. కాలు నొప్పి అన్నాననుకో, కాలికి మందు రాసి మూట ఎత్తుతారు. రెండు, కోపం వచ్చేదాకా ఆగను. కోపం వచ్చాక ఆగితే తన్నుతాను. తన్నితే తప్పు మూటది కాదు, నాదవుతుంది. మూడు, ఆగాక మనసు మార్చుకోను. సింహాద్రి తిట్టినంతసేపు చెవులు ఊపుకుంటూ నిలబడతాను. తిట్లకు బరువు ఉండదు పైడయ్యా, మూటకే ఉంటుంది."

పైడయ్య ఆ మూడు సంగతులూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ ఇంటికి వెళ్ళాడు. రాజుల దగ్గరా శెట్ల దగ్గరా మొదలుపెడితే గుండె ఆగుతుందని, ఇంట్లోనే మొదలుపెడదామనుకున్నాడు.

ఇంట్లో నూకాలు తమ్ముడు అప్పన్న ఉన్నాడు. ఉన్నాడంటే, ఊళ్ళో అతనికి వేరే ఇల్లుంది. అయినా రోజూ పొద్దున్నే వచ్చి, ఇక్కడ చద్దన్నం తిని, పైడయ్య చేపల వల పట్టుకుపోయేవాడు. వల వెనక్కి వచ్చేసరికి పొద్దుగూకేది. చేప మాత్రం ఎన్నడూ రాలేదు.

మర్నాడు అప్పన్న వచ్చి వల అడిగాడు. పైడయ్య ధైర్యం చేసి, వల చిరిగిందిరా అన్నాడు. అప్పన్న అయ్యో అని, అరుగుమీద కూర్చుని, చిరుగులన్నీ వెతికి వెతికి కుట్టి, భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సాకు చెప్పకూడదని గాడిద ముందే చెప్పింది.

రెండోనాడు అప్పన్న వస్తుంటేనే పైడయ్యకు లోపల ఉడికింది. వల పేరు ఎత్తకముందే అంత ఎత్తున లేచి, మూడేళ్ళ చద్దన్నాలూ ఎత్తి చూపి, నీళ్ళ ముంత నేలకేసి కొట్టాడు. అప్పన్న నిలువునా వణికాడు. నూకాలు తమ్ముడి పక్షాన వచ్చి, ముంత సంగతి ముందు తేల్చమంది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు. పైడయ్య సిగ్గుపడుతూ చాకిరేవుకు వెళితే, రత్నం మొహం చూసే కనిపెట్టింది. అది తన్నడం, నేను చెప్పింది ఆగడం అని మేత నమలడంలో పడింది.

మూడోనాడు అప్పన్న గుమ్మం బయటే నిలబడి, వల ఉందా బావా అని గొణిగాడు.

"ఉందిరా. ఇవాళ ఇవ్వను. నాకే కావాలి," అన్నాడు పైడయ్య మామూలు గొంతుతో.

అప్పన్న ఇంకేదో మాట వస్తుందని చూశాడు. రాలేదు. పైడయ్యకు నోరు దురద పెడుతోంది. ఏమీ అనుకోకురా అనాలని ఉంది, పోనీ తీసుకెళ్ళు అనాలని ఉంది. పళ్ళు బిగపట్టి నిలబడ్డాడు. పెరట్లో కాకి ఒకటి అరిచింది. ఆకాశం విరిగి మీద పడలేదు.

"సరేలే బావా," అన్నాడు అప్పన్న. "చద్దన్నం అయినా ఉందా?"

చద్దన్నం ఉంది. ఇద్దరూ కూర్చుని ఉల్లిపాయ నంజుకుని తిన్నారు. అప్పన్న ఏమీ అనుకోలేదు. ఇన్నేళ్ళూ అనుకుంటాడని భయపడింది పైడయ్య ఒక్కడే. అది తెలిసేసరికి అతనికి నవ్వూ వచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది. నూకాలు రెండో ముద్ద వడ్డిస్తూ, ఏటి మావా, ఇయాళ మనిషిలా ఉన్నావు అంది.

ఆ రోజు నుంచి రేవులో కూడా చిన్నచిన్నగా మొదలుపెట్టాడు. మొదట మేకలవాడికి చెప్పాడు. తర్వాత గుమ్మడికాయల ముసలమ్మకు చెప్పాడు. ఆమె తిట్టింది, అతను చెవులు ఊపుకోలేడు కాబట్టి తల ఊపుకున్నాడు. "పదిమందేనండి, మిగతావారిని వచ్చి తీసుకెళతాను" అనడం అలవాటైంది. ప్రతిసారీ గుండె దడదడలాడేది. దాన్ని అలా దడదడలాడనిచ్చే ఆ మాట చెప్పేవాడు.

ఇప్పుడు రాజుగారు వస్తున్నారు.

చంద్రభూపాలుడు ఆ దేశానికి రాజు. ఆయన కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళి మగబిడ్డను కన్నది. పుట్టిల్లు ఏటికి ఆవల. ఇరవై ఒకటో రోజున బారసాల. మనవడి చెవిలో పేరు చెప్పాల్సింది తాతగారే. కోటలో ముహూర్తాలు, అలంకారాలు, ఎదురుచూపులు. తీరా బయల్దేరేసరికి ఎగువన కుంభవృష్టి. మువ్వలేరు ఎర్రగా పొంగింది.

రాజు, రాణి, పురోహితుడు, దళవాయి, భటులు, సన్నాయి మేళం, మొత్తం ఇరవైముగ్గురు రేవులో దిగారు. పైగా ఒక వెండి ఉయ్యాల, లడ్డూల గంప. ముహూర్తానికి ఎంతో పొద్దు లేదు. దళవాయి నరసరాయడు రేవులోకి వస్తూనే అందరినీ పడవలోకి తోలడం మొదలుపెట్టాడు. రాజు, రాణి ముందే ఎక్కి కూర్చున్నారు. పడవ ఒకపక్కకు ఒరిగింది.

పైడయ్య నీటి రంగు చూశాడు. నడిమధ్యన సుడులు తిరగడం చూశాడు. ఈ బరువుతో పడవ అవతలికి చేరదని అతనికి తెలుసు. చేరకపోతే తెడ్డు పోతుంది. వద్దంటే రాజుగారి ముందు, శుభకార్యానికి పోతున్నవారి చెవిన, అనరాని మాట అన్నవాడవుతాడు. అప్పుడూ తెడ్డు పోతుంది. నోట్లోకి చిత్తం వచ్చి కూర్చుంది.

అతను పడవలోంచి తెడ్డు తీసుకుని ఒడ్డుకు దిగాడు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"ప్రభూ, వద్దు. ఇంతమంది వద్దు. దిగండి."

సన్నాయి పాట మధ్యలో తెగింది. పురోహితుడు చెవులు మూసుకున్నాడు. రాణి ముఖం పాలిపోయింది.

"మనవణ్ణి చూడబోతుంటే వద్దు అంటావా?" అన్నాడు రాజు. ఆయన గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ.

"మునిగిపోవడం అంతకంటే అపశకునం ప్రభూ. ఈ పడవకు లెక్క పదిమంది. ఉయ్యాల ఇద్దరి కింద, గంప ఒకరి కింద. మిగిలింది ఏడుగురు."

దళవాయి కత్తి పిడి మీద చెయ్యి వేసి ముందుకు వచ్చాడు. ఆజ్ఞ ఎవరిదో మరిచిపోయావా అని అడిగాడు.

"నేలమీద ప్రభువుల ఆజ్ఞే. నీళ్ళమీద మాత్రం లెక్క నాది," అన్నాడు పైడయ్య. కత్తి పిడి చూసినా అతని మాట మారలేదు.

దళవాయి తెడ్డు తనకు ఇచ్చేయమన్నాడు. పైడయ్య ఒక్క క్షణం దానికేసి చూశాడు. తాత అరచేయి అరిగించిన చోటే తన అరచేయి ఉంది. దాన్ని రెండు చేతులతో తీసుకెళ్ళి దళవాయికి కాదు, పడవలో రాజుగారి పాదాల దగ్గర పెట్టాడు.

"తెడ్డు తీసుకోండి ప్రభూ. ఎవరికి ఇచ్చినా సరే. కానీ పదిమందే ఎక్కండి. తెడ్డు ఎవరు పట్టినా పదిమందే."

ఏరు హోరుమంటూ పోతోంది.

రాజు ఆ తెడ్డును చూశాడు. బతుకుతెరువు వదులుకున్నాడు, మాట మాత్రం వదులుకోలేదు, అంటే ఆ మాటలో నిజం ఉండి తీరాలి అనుకున్నాడు. తనే ముందు పడవ దిగాడు. తెడ్డు ఎత్తి పైడయ్య చేతిలో పెట్టాడు. ఎవరు ఎక్కాలో నువ్వే చెప్పు అన్నాడు.

రాజు, రాణి, పురోహితుడు, ఒక సన్నాయి, ఒక డోలు, ఇద్దరు భటులు. ఉయ్యాల నడుమన, గంప వెనకన. దళవాయి గట్టునే ఉండిపోయాడు. ఉండిపోవడం ఆయనకు బొత్తిగా నచ్చలేదు.

పడవ సగం ఏరు దాటేసరికి ఎగువనుంచి వేళ్ళతో సహా పెళ్ళగిలిన తాటిమాను ఒకటి కొట్టుకొచ్చింది. పైడయ్య తెడ్డును లోతుగా దించి ఒళ్ళంతా వేసి తిప్పాడు. మాను పక్కనుంచి రాసుకుని పోయింది. పడవ ఒరిగింది. నీళ్ళు అంచుకు రెండు వేళ్ళ కిందిదాకా లేచి, చూసి, వెనక్కి తగ్గాయి. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు.

గట్టుమీద దళవాయి చేతులు రెండూ తలమీద పెట్టుకుని ఉన్నచోటే చతికిలబడ్డాడు. రాజు వెనక్కి తిరిగి, గట్టున ఆగిపోయినవారిని ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. పదహారు మంది. ఆ రెండు వేళ్ళ సందును ఇంకోసారి చూశాడు. తర్వాత దారి పొడుగునా రాణి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

బారసాల వేళకే జరిగింది. పిల్లవాడి చెవిలో పేరు చెబుతుంటే రాజుగారి గొంతు పూడుకుపోయిందట, అందువల్ల ఆ పేరు ఏమిటో నాకు తెలియదు.

మర్నాడు తిరుగు ప్రయాణం. ఏరు ఇంకా తగ్గలేదు. రాజుకు రాచకార్యాలు గుర్తొచ్చి, పరివారం కంటే ముందే ఒక భటుణ్ణి వెంటబెట్టుకుని చందనపురి రేవుకు గబగబా వచ్చాడు. అప్పటికే పడవ నిండా జనం. గుమ్మడికాయల ముసలమ్మ, మేకలవాడు, సంతకు పోయి వస్తున్న ఆడవాళ్ళు, సరిగ్గా పదిమంది లెక్క. రాజును చూడగానే అందరూ కంగారుపడి లేవబోయారు. పడవ ఊగింది.

"కూర్చోండి, ఎవరూ లేవకండి," అన్నాడు పైడయ్య.

అందరూ కూర్చున్నారు. ముసలమ్మ గుమ్మడికాయను గట్టిగా పట్టుకుంది. నిన్న ప్రాణాలు నిలిపాడు కాబట్టి నిన్న చెల్లింది, ఇవాళ ఊరికే ప్రభువును ఆపితే చెల్లుతుందా అని అందరి కళ్ళూ పైడయ్య మీదే ఉన్నాయి. పైడయ్యకు గుండె దడదడలాడింది. ఎప్పటిలాగే దాన్ని అలా ఉండనిచ్చాడు.

"ప్రభూ, పదిమంది అయ్యారు. వీరిని దించి వచ్చి తమరిని తీసుకెళతాను."

భటుడు నోరు తెరిచాడు. రాజు అతని భుజం తట్టి ఊరుకోమన్నాడు. తర్వాత పంచె కాస్త పైకి లాక్కుని, ఒడ్డున ఒక రాయి చూసుకుని, ఇంటి అరుగుమీద కూర్చున్నంత తీరుబడిగా కూర్చున్నాడు.

"వెళ్ళిరా పైడయ్యా. నేను పదకొండోవాణ్ణి, ఆగుతాను."

పైడయ్య తెడ్డు వేశాడు, పడవ కదిలింది. పిల్లలూ, పెద్దలూ, తెలిసిన మాటను మొహమాటంతో మింగేస్తే మనమూ మునుగుతాం, మనల్ని నమ్మినవారినీ ముంచుతాం. భయపడుతూ అయినా సరే, కోపం లేకుండా, సూటిగా చెప్పిన "వద్దు" అందరినీ ఒడ్డుకు చేరుస్తుంది.